ఓడలో వచ్చిన లెక్కల మాస్టారు

మా తూమాటిపల్లె హైస్కూలుకు రెండేళ్ళు లెక్కల మాస్టారు లేడు. ఉన్న ఒక్కాయన రిటైరయ్యాడు. ఆయన కుర్చీ ఉంది, ఆయన చెక్క స్కేలు ఉంది, పదో తరగతి గదిలో బోర్డు మూలన ఆయన చివరిసారి గీసిన త్రిభుజాన్ని కూడా పిల్లలు చెరపకుండా ఉంచారు. మనిషే లేడు. ఆ రెండో ఏడు పదో తరగతి రాసిన ముప్ఫై తొమ్మిది మందిలో ఇరవై ఆరుమంది లెక్కల్లో తప్పారు. మిగిలిన పదముగ్గురూ ఎట్లా పాసయ్యారో పైవాళ్ళు విచారించలేదు, మేమూ అడగలేదు.

నేను అక్కడ సోషల్ చెప్తాను. పేరు వీరబ్రహ్మం. మా హెడ్మాస్టరు ప్రమీలారాణి గారు. తెలుగు పండితురాలిగా చేరి, ప్రమోషన్ మీద ఆ కుర్చీలోకి వచ్చారు. గట్టిగా మాట్లాడరు. ఉత్తరాలు మాత్రం గట్టిగా రాస్తారు. లెక్కల మాస్టారిని ఇవ్వమని పదకొండు ఉత్తరాలు రాశారు. పన్నెండోది రాస్తుండగా జవాబు వచ్చింది. అది ఆ పదకొండింటికీ సంబంధించిన జవాబు కాదు. మా స్కూలును 'ఫిలిప్పీన్స్ విద్యా వికాస పథకం' ప్రయోగాత్మక అమలుకు ఎంపిక చేశారట. కారణం కూడా రాశారు: ఊరి పక్కన రిజర్వాయరు ఉండటం వల్ల ఈ చుట్టుపక్కల జలమార్గ సదుపాయం గల ఏకైక ఉన్నత పాఠశాల మాదేనట.

వారం తిరక్కుండా పథకం సంచాలకులు పరాంకుశం గారు స్వయంగా దిగారు. ఆయన అంతకు నెల ముందే మనీలాలో ఆరు రోజులు అధ్యయనం చేసి వచ్చారు. మాకందరికీ తలా ఒక ఎండు మామిడి ముక్క పెట్టారు. మా డ్రిల్లు మాస్టారు నోట్లో వేసుకుని, "తాండ్ర గదండీ ఇది" అన్నాడు. "కాదు, అనుభవం" అన్నారు పరాంకుశం గారు. తర్వాత గోడ మీద దుప్పటి కట్టించి బొమ్మలు చూపించారు.

"అమ్మా," అన్నారు ప్రమీలారాణి గారితో, "ప్రపంచంలో ఏ ఆసుపత్రికి వెళ్ళినా ఫిలిప్పీన్స్ నర్సు కనబడుతుంది. ఏ ఓడ ఎక్కినా ఫిలిప్పీన్స్ నావికుడు కనబడతాడు. ఇది ఫలితం. ఫలితానికి కారణం వారి విద్య. విద్యకు కారణం వారి విద్యా చరిత్ర. మనం ఇంతకాలం ఇతర దేశాల ఫలితాలను దిగుమతి చేసుకుని విఫలమయ్యాం. ఈసారి కారణాన్నే దిగుమతి చేసుకుంటున్నాం."

"అంటే పిల్లలకు ఆ దేశపు చరిత్ర చెప్పాలాండీ? మా బ్రహ్మం గారు చెప్తారు" అన్నారావిడ.

"చెప్పడం కాదమ్మా. జరిపించడం. ముందు స్పెయిన్ వారి యుగం, తర్వాత అమెరికా యుగం, తర్వాత జపాన్ యుగం, ఆపైన స్వాతంత్ర్య యుగం. వాళ్ళు ఏయే దశలు దాటి వచ్చారో మీ విద్యార్థులు అవన్నీ దాటాలి. ఒక్క దశ తప్పినా వికాసం చేతికి రాదు. స్పెయిన్ వారి పాలన మూడు వందల ముప్ఫై మూడేళ్ళు. విద్యార్థులపై భారం దృష్ట్యా దాన్ని మూడు నెలలకు కుదించాం."

"సార్, లెక్కల పోస్టు ఖాళీగా ఉంది" అన్నారావిడ.

పరాంకుశం గారు సంతోషంగా తలూపారు. "చూశాను. స్పెయిన్ యుగంలో లెక్కలకు ప్రాధాన్యం స్వల్పం. మీ ఖాళీ యుగధర్మానికి అనుగుణంగానే ఉంది. ఇప్పుడు భర్తీ చేస్తే చరిత్రను వక్రీకరించినట్టవుతుంది."

జూలైలో స్పెయిన్ యుగం మొదలైంది. ఆ కాలంలో అక్కడి పిల్లలకు మతగురువులు ప్రార్థనలు కంఠస్థం చేయించేవాళ్ళు. ప్రభుత్వ బడిలో ప్రార్థనలు కుదరవు కాబట్టి వాటి స్థానంలో శాఖాపరమైన సర్క్యులర్లు కంఠస్థం చేయించాలని ఆదేశం వచ్చింది. కింద ఒక షరతు. విద్యార్థులకు అర్థం చెప్పరాదు. అర్థం తెలిసిన చోట దశ చెడిపోతుంది.

అర్థం చెప్పకపోవడం మాకు కష్టం కాలేదు. మాకూ తెలియదు. పొద్దున తొమ్మిదిన్నరకు నలభై ఒక్కమంది పదో తరగతి పిల్లలు చేతులు కట్టుకుని ఏకకంఠంతో, "పైన ఉదహరించిన ఒకటవ సూచికలోని ఉత్తర్వుల అమలులో భాగంగా, రెండవ సూచికలోని మార్గదర్శకాలను, మూడవ సూచికలోని సవరణలకు లోబడి, తక్షణమే, వీలు వెంబడి అమలుపరచవలసినదిగా ఇందుమూలముగా తెలియజేయడమైనది" అని చదివేవాళ్ళు. సైన్సు పీరియడులో కూడా అదే. ఆగస్టు వచ్చేసరికి వాళ్ళకు పద్నాలుగు సర్క్యులర్లు నోటికొచ్చాయి. ఎక్కాలు పన్నెండు దాటి రావు.

పొగాకు రైతు ఓబులమ్మ స్కూలు కమిటీకి ఛైర్మను. ఆమె కూతురు అంకమ్మ పదో తరగతి. ఒకరోజు ఆమె పొలం నుంచి నేరుగా ఆఫీసు గదిలోకి వచ్చి నిలబడింది.

"మేడమ్, ఏం చెప్తన్నారు బళ్ళో? అన్నం పెట్టుకో అంటే ఈ పిల్ల పైన ఉదహరించిన అంటంది. పాలిటెక్నిక్‌లో సీటు కావాలని ఒకటే పోరు. సీటు దీనికిస్తారా? లెక్కలు రాకపోతే ఎవరిస్తారు?"

"ఇవ్వరు ఓబులమ్మా" అన్నారు ప్రమీలారాణి గారు. ఓబులమ్మ మళ్ళీ పొలానికి వెళ్ళిపోయింది. ఆ రోజు ప్రమీలారాణి గారు మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీయలేదు.

సెప్టెంబరులో తనిఖీ. పరాంకుశం గారు పిల్లల్ని వరసగా లేపి సర్క్యులర్లు అప్పజెప్పించుకున్నారు. అంకమ్మ తడుముకోకుండా చెప్పింది. ఆయన మురిసిపోయి, ఏదో సరదాకి, "దీని భావమేమిటమ్మా?" అన్నారు.

అంకమ్మ మావైపు చూసింది. మేం కిటికీ వైపు చూశాం.

"ఎవరూ ఏమీ చెయ్యబళ్ళేదని సార్" అంది.

మూడో రోజున మెమో వచ్చింది. పదో తరగతిలో అర్థగ్రహణం జరిగినట్టు తనిఖీలో తేలిందని, పునరావృతమైతే బాధ్యులపై చర్య తప్పదని. ప్రమీలారాణి గారు ఆ మెమో ఫైల్లో పెట్టించారు. తర్వాత బీరువాలో నుంచి పథకం కరదీపిక తీసి, దుమ్ము దులిపి, సంచీలో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళారు. నూట నలభై పేజీల పుస్తకం. దాన్ని అచ్చువేసినవాళ్ళు చదవలేదు, పంచినవాళ్ళు చదవలేదు. ఆవిడ ఆదివారమంతా కూర్చుని, పెన్సిలు పెట్టుకుని, కరువుతీరా చదివారు.

సోమవారం పొద్దున నన్ను పిలిచి పేజీ తిప్పి చూపించారు. "బ్రహ్మం గారూ, ఇది నిజమేనా?"

చదివాను. అమెరికావాళ్ళు ఫిలిప్పీన్స్‌ను పట్టుకున్నాక, పందొమ్మిది వందల ఒకటో సంవత్సరంలో ఐదు వందల మందికి పైగా టీచర్లను ఒక ఓడలో ఎక్కించి పంపించారు. వాళ్ళే ఊరూరా తిరిగి ఇంగ్లీషు మీడియం బళ్ళు నడిపారు.

"నిజమేనండి. ఓడ పేరు కూడా ఉంది చరిత్రలో."

"అయితే మనకు టీచరును ఇవ్వకుండా ఈ యుగం ఎట్లా మొదలుపెడతారో చూద్దాం" అని కాగితం తీసుకున్నారు.

ఆ ఉత్తరం నాకిప్పటికీ జ్ఞాపకం. 'అక్టోబరు ఒకటి నుంచి అమెరికా యుగం ప్రారంభించుటకు మా పాఠశాల సిద్ధముగా ఉన్నది. అయితే కరదీపిక ప్రకారం ఆ యుగమునకు మూలమైన ఉపాధ్యాయులు వెలుపలి నుండి జలమార్గమున రావలసి ఉన్నది. ఉపాధ్యాయుడు రానిచో యుగము చెల్లదు. యుగము చెల్లనిచో వికాసము ఆగిపోవును. కావున చరిత్ర భంగము కాకుండా ఒక గణితోపాధ్యాయుని పంపగలరు.'

ఇన్నేళ్ళలో ఆవిడ రాసిన ఏ ఉత్తరానికీ అంత త్వరగా జవాబు రాలేదు. పథకం స్ఫూర్తిని అందుకున్న మొదటి పాఠశాల మాదేనని పరాంకుశం గారు అభినందించారు. లెక్కల మాస్టారు మస్తాన్‌వలి గారిని డిప్యుటేషను మీద పంపుతున్నామని, ఆయన ఓడలో రావడానికి ఏర్పాట్లు చేయమని రాశారు. రిజర్వాయరులో ఓడ లేదని మేం విన్నవించుకుంటే వివరణ వచ్చింది: ఓడ అనగా నీటిపై తేలునది.

రిజర్వాయరులో తేలేవి పుట్టిలు. చేపలవాళ్ళు వెదురుతో అల్లి, కింద తారు పూసుకునే గుండ్రటి బుట్టలు. వాటికి ముందూ వెనకా ఉండదు. తెడ్డు వేసేవాడికి చెయ్యి తిరిగి ఉంటే ముందుకు పోతాయి, లేకపోతే ఉన్నచోటే తిరుగుతాయి.

సెప్టెంబరు ముప్ఫైన మస్తాన్‌వలి మోటారుసైకిలు మీద వచ్చి స్కూలు ముందు దిగాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. ప్రమీలారాణి గారు ఆర్డరు కాపీ చూసి, "ఎట్లా వచ్చారు?" అన్నారు.

"బండి మీదండి."

"అయితే మీరింకా రాలేదు. రేపు రండి. కట్ట మీద బండి పెట్టి, పుట్టి ఎక్కి రావాలి."

"నాకు ఈత రాదండి" అన్నాడాయన, బెదిరిపోయి.

"ఈత రావాలని కరదీపికలో లేదు" అన్నారావిడ.

మర్నాడు ఒడ్డున పరాంకుశం గారు పూలదండతో నిలబడ్డారు. బ్యానరు కట్టారు. ఫోటోగ్రాఫరు వచ్చాడు. మస్తాన్‌వలి పుట్టి మధ్యలో గొంతుక్కూర్చుని, రెండు చేతులా అంచులు పట్టుకుని, తిరుగుతూ తిరుగుతూ వచ్చాడు. దిగి నాలుగడుగులు వేసి ఇసుకలో కూలబడ్డాడు. "చరిత్రలో కూడా ఉపాధ్యాయులు ఇట్లాగే అలసిపోయి దిగి ఉంటారు" అన్నారు పరాంకుశం గారు, దండ ఆయన మెళ్ళో వేస్తూ.

ఆ రోజు నుంచి డిసెంబరు మధ్య దాకా నీటి మీద రాని రోజు ఆయన బడికి రానట్టే. హాజరు పట్టీ ఒడ్డున పెట్టాం. వాన రోజుల్లో పుట్టిలోకి నీళ్ళొస్తే ఆయనే క్యారియరు మూతతో తోడిపోసేవాడు. పైగా ఆ యుగంలో పాఠం ఇంగ్లీషులోనే చెప్పాలి. తలుపు దగ్గర ఎవరైనా అధికారి అలికిడైతే ఇంగ్లీషు మాట్లాడేవాడు, వాళ్ళు పోగానే బీజగణితం తెలుగులో చెప్పేవాడు. మొదటి పదిహేను రోజులూ పన్నెండో ఎక్కం దగ్గరే ఉన్నాడు. కోప్పడలేదు. "రెండేళ్ళ బాకీ ఉంది మనకి, నిదానంగా తీరుద్దాం" అన్నాడు పిల్లలతో. పొగాకు కర్రకు ఎన్ని ఆకులు కుడతారు, ఆకును వేడికి పండబెట్టే బ్యారన్‌లో ఎన్ని అంతస్తుల కర్రలు పడతాయి అని అడిగి, దాన్నుంచి సమీకరణాలు లాగాడు. నవంబరు చివరికి పిల్లలు మధ్యాహ్నం బెల్లు కొట్టినా లేచేవాళ్ళు కారు. అంకమ్మ సర్క్యులర్లు రాసుకున్న నోటుబుక్కును వెనక నుంచి తిప్పి లెక్కలు చేసుకునేది.

డిసెంబరు పదిహేనున కవరు వచ్చింది. పదహారు నుంచి జపాన్ యుగం.

మొదటి పేరాలో ఉదయపు వ్యాయామం. రెండో పేరాలో, జపాన్‌వారు పాఠ్యపుస్తకాల్లో అమెరికా ప్రస్తావనల మీద కాగితాలు అంటించినట్టే, మా పుస్తకాల్లో ఇంగ్లీషు మాట ఎక్కడుంటే అక్కడ కాగితం అంటించాలి. జిగురు కూడా పంపించారు. మూడో పేరా చదువుతూ ప్రమీలారాణి గారు ఆగిపోయారు. గత యుగంలో జలమార్గమున వచ్చిన ఉపాధ్యాయులను నిర్బంధంలోకి తీసుకోవాలి. మనీలాలో ఒక విశ్వవిద్యాలయాన్నే శిబిరంగా మార్చి అమెరికావాళ్ళను ఉంచారు కాబట్టి, ఇక్కడ మండల విద్యా వనరుల కేంద్రంలో ఉంచాలి. రెండు పూటలా టీ, ఒక పూట భోజనం ఇస్తారు. విముక్తి ఉత్తర్వులు విడిగా వెలువడతాయి.

ఆవిడ వెంటనే ఫోను చేశారు. నేను పక్కనే ఉన్నాను. "సార్, ఆ విముక్తి ఎప్పుడండి? మార్చిలో పిల్లలకు పబ్లిక్ పరీక్షలు."

"విముక్తిపై ఉపసంఘాన్ని వేశాం. ఉపసంఘం సభ్యుల నియామకంపై ఒక సంఘాన్ని వేశాం. మీరు ఆందోళన చెందవద్దు. అక్కడ కూడా మూడేళ్ళు పట్టింది" అన్నారు పరాంకుశం గారు.

మాస్టారిని తీసుకెళ్ళటానికి మర్నాడు పొద్దున జీపు వస్తుంది. స్టాఫ్‌రూములో మస్తాన్‌వలి తన పుస్తకాలు సంచీలో సర్దుకుంటున్నాడు. ప్రమీలారాణి గారు కరదీపిక తెచ్చి ఆయన ముందు పెట్టారు.

"అరవై రెండో పేజీ చదవండి. కొందరు దొరక్కుండా కొండల్లోకి పోయారు. ఊళ్ళవాళ్ళే తిండి పెట్టి దాచారు. ఇది కూడా చరిత్రే కదా."

"మేడమ్, నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను. ఇంట్లో అమ్మ ఉంది. దాక్కున్నానని తెలిస్తే ఉద్యోగం ఉంటదా?"

"ఉండకపోవచ్చు. మిమ్మల్ని బలవంతం చెయ్యను."

ఆయన సంచీ తాడు ముడివేశాడు. వరండాలోకి వచ్చాడు. అక్కడ పిల్లలు నేల మీద కూర్చుని లెక్కల పుస్తకాలకు జిగురు పూస్తున్నారు. సైన్, కాస్, టాన్ అన్నీ కాగితం కిందికి పోతున్నాయి. ఆయన ఒక పుస్తకం అందుకుని చూశాడు, తడి ఆరని కాగితాన్ని గోటితో పైకి లేపాడు.

"త్రికోణమితి ఇంకా మొదలే పెట్టలేదు" అన్నాడు, ఎవరితోనో చెప్పినట్టు. తర్వాత మా వైపు తిరిగి, "ఎక్కడ దాస్తారు?" అన్నాడు.

ఓబులమ్మకు చెరువుగట్టు అవతల పాత పొగాకు బ్యారన్ ఉంది. కొత్తది కట్టుకున్నాక దాన్ని వాడటం మానేసింది. కిటికీల్లేని ఎత్తయిన గోడలు, లోపల ఏళ్ళ తరబడి పట్టిన పొగమసి. ఆ గోడ మీద చాక్‌పీసుతో రాస్తే మా స్కూల్లో ఉన్న అన్ని బోర్డుల మీదకన్నా స్పష్టంగా కనబడింది. రోజూ పొద్దున ఆరుకల్లా పిల్లలు ఆకు కుట్టే పనికి పోతున్నట్టు చంకలో పురికొస బంతులు పెట్టుకుని అటు పోయేవాళ్ళు. తొమ్మిదింటికి స్కూలుకొచ్చి చేతులు పైకీ కిందికీ ఊపి వ్యాయామం చేసేవాళ్ళు. ఓబులమ్మ మాస్టారికి మూడు పూటలా అన్నం పెట్టేది. "మా పిల్ల పాస్ కాకపోయిందో, నేనే పట్టిస్తా నిన్ను" అని రోజుకోసారి చెప్పేది.

జీపు వచ్చి ఖాళీగా పోయింది. జనవరి మొదటి వారంలో ఒకరోజు తెల్లవారేసరికల్లా పరాంకుశం గారే వచ్చారు, ఇద్దరు గుమాస్తాలతో. ఊరంతా వెతికారు. రిజర్వాయరు ఒడ్డున పుట్టిలు బోర్లించి చూశారు. చివరికి బ్యారన్ దగ్గరికొచ్చారు. ప్రమీలారాణి గారూ నేనూ వెనకే ఉన్నాం. ఓబులమ్మ తలుపుకు అడ్డంగా మోడా వేసుకుని కూర్చుని ఉంది.

"తలుపు తియ్యమ్మా."

"లోపల ఆకు పండతా ఉందయ్యా. తలుపు తీస్తే వేడి పోద్ది. పోతే ఆకు పచ్చిగా పడిద్ది."

"పొగ ఏదీ?"

"కొత్త పద్ధతి. సార్లే చెప్పారు."

సరిగ్గా అప్పుడే లోపల నలభై ఒక్క గొంతులు ఒక్కసారిగా, "సైన్ స్క్వేర్ తీటా ప్లస్ కాస్ స్క్వేర్ తీటా ఈజీక్వల్‌టు వన్" అన్నాయి.

పరాంకుశం గారు ఓబులమ్మ వైపు చూశారు. "ఆకు మాట్లాడుతోందేమిటి?"

"ఈ ఏడు నారు అట్టాంటిది వచ్చిందయ్యా" అంది ఓబులమ్మ. కళ్ళు కూడా ఆర్పలేదు.

ఆయన చెయ్యి తలుపు మీద పడింది. అప్పుడు ప్రమీలారాణి గారు ముందుకొచ్చి, కరదీపిక తెరిచి ఆయన చేతిలో పెట్టారు.

"సార్, అరవై రెండో పేజీ. కొందరు చివరిదాకా దొరకలేదని ఉంది. మీరిప్పుడు కనుక్కుంటే ఆ దశ తప్పిపోతుంది. తర్వాత పైవాళ్ళకు సమాధానం మీరే చెప్పుకోవాలి."

పరాంకుశం గారు అక్కడే నిలబడి ఆ పేజీని రెండుసార్లు చదివారు. లోపల మస్తాన్‌వలి తర్వాతి సూత్రం చెప్తున్నాడు. పిల్లలు దాన్ని కూడా అన్నారు. పరాంకుశం గారు పుస్తకం మూసి, గుమాస్తాతో నెమ్మదిగా, "రాసుకోండి. క్షుణ్ణంగా గాలించడమైనది. ఆచూకీ లభ్యం కాలేదు" అన్నారు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి ఓబులమ్మతో, "ఆకు జాగ్రత్త" అన్నారు. ఆ మాట ఆయన ఏ ఉద్దేశంతో అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

జనవరి నెలాఖరుకు స్వాతంత్ర్య యుగం వచ్చింది. పాఠాలన్నీ మాతృభాషలో చెప్పాలని ఒక ఉత్తర్వు. మేం కవరు చింపేలోగా దాన్ని రద్దు చేస్తూ ఇంకో ఉత్తర్వు. ఆ దేశంలోనూ పెట్టి తీసేశారట. రెండు ఉత్తర్వులూ ఇంగ్లీషులోనే ఉన్నాయి. వాటితో మాకు ఇబ్బంది లేకపోయింది. ఇబ్బంది ఫిబ్రవరి ఉత్తర్వుతో వచ్చింది.

ఫిలిప్పీన్స్‌లో బడి చదువు పదేళ్ళే ఉండేది. ఈమధ్యనే రెండేళ్ళు కలిపి పన్నెండు చేశారు. కాబట్టి మా పదో తరగతి పిల్లలు ఈ మార్చిలో పరీక్ష రాయకూడదు. ఇంకో రెండేళ్ళు మా స్కూల్లోనే ఉండాలి. హాల్‌టికెట్లపై ప్రధానోపాధ్యాయురాలు సంతకం చేయరాదు.

నేను ఒక రోజంతా పాత పత్రికలు తిరగేశాను. అక్కడ ఆ మార్పు వచ్చేనాటికి ఆఖరు తరగతిలో ఉన్న పిల్లల్ని పాత పద్ధతిలోనే పంపించేశారని తెలిసింది. జిల్లా కేంద్రానికి పోయి పరాంకుశం గారికి చూపించాను.

"ఇది కరదీపికలో ఉందా?"

"లేదండి. కానీ జరిగింది."

"బ్రహ్మం గారూ, జరిగినదంతా చరిత్ర కాదు. అచ్చయినది చరిత్ర. పునర్ముద్రణలో పరిశీలిస్తాం."

తిరిగొచ్చి ఆ సంగతి చెప్పేసరికి ప్రమీలారాణి గారు ఆఫీసులో ఒక్కరే ఉన్నారు. బల్ల మీద నలభై ఒక్క హాల్‌టికెట్లున్నాయి. పరీక్షల విభాగానికి ఫిలిప్పీన్స్ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి అవి మామూలుగానే వచ్చేశాయి.

"ఈసారి కరదీపికలో దారి లేదు బ్రహ్మం గారూ. మళ్ళీ మొత్తం చదివాను" అన్నారావిడ. "ఇంతకాలం వాళ్ళ పుస్తకం చూపించి వాళ్ళతోనే పని చేయించుకున్నాను. ఇప్పుడు నా పేరు మీద నేను చెయ్యాలి."

"ఆర్నెల్లలో రిటైర్ కావట్లేదు కదండీ మీరు, ఇంకా ఏడేళ్ళుంది సర్వీసు. ఆలోచించుకోండి."

"ఆలోచిస్తే సంతకం పెట్టలేను. అందుకే ఆలోచించడం మానేశాను." ఆవిడ పెన్ను తీసి మొదటి టికెట్ మీద సంతకం పెట్టారు. మొదటి నాలుగు సంతకాలూ వంకరగా పడ్డాయి. ఐదోది అంకమ్మది. అది బాగా వచ్చింది. ఆ తర్వాత ఆగలేదు.

పిల్లలు పరీక్ష రాశారు. లెక్కల పరీక్ష రోజున మస్తాన్‌వలి బ్యారన్‌లోనే ఉండిపోయాడు, బయటికి వచ్చే వీల్లేదు గదా. పిల్లలు తిరిగొచ్చేదాకా ముద్ద ముట్టలేదని ఓబులమ్మ చెప్పింది. ప్రశ్నాపత్రం తెచ్చి ఇస్తే ఆయన నిలబడే మొత్తం చేసుకుని, ఆఖర్న ఒక లెక్క తాను చెప్పలేదని తెలుసుకుని చాలాసేపు బాధపడ్డాడట.

నలభై ఒక్కమందిలో ముప్ఫై ఎనిమిది మంది పాసయ్యారు. అంకమ్మకు లెక్కల్లో తొంభై ఒకటి. తర్వాత పాలిటెక్నిక్ సీటూ వచ్చింది. ఫలితాలు వచ్చిన వారంలోనే పరాంకుశం గారి నివేదిక కూడా వచ్చింది. పథకం ఘన విజయం సాధించిందని, ఫిలిప్పీన్స్ చరిత్ర తూమాటిపల్లెలో అక్కడికన్నా మెరుగ్గా పనిచేసిందని. అదే కవరులో ప్రమీలారాణి గారికి అభియోగ పత్రం. చరిత్ర ఇంకా రెండేళ్ళు మిగిలి ఉండగానే విద్యార్థులను ఉత్తీర్ణులను చేసినందుకు.

విచారణకు నేనూ వెంట వెళ్ళాను. "చరిత్రను ముగించే అధికారం మీకెవరిచ్చారమ్మా?" అని అడిగారు పరాంకుశం గారు.

"చరిత్ర సంగతి నాకు తెలియదండి. పిల్లలు పరీక్ష రాశారు. పాసయ్యారు. అది నేనే చేశాను."

ఆయన కాసేపు ఫైలు తిరగేశారు. తర్వాత గొంతు తగ్గించి, "చూడమ్మా, ఆ కరదీపికను పూర్తిగా చదివింది ఈ రాష్ట్రంలో మీరొక్కరే. నేను కూడా అరవై రెండో పేజీ మీరు చూపిస్తేనే చూశాను. ఇక్కడికి డిప్యుటేషను మీద వచ్చేయండి. వచ్చే ఏడాది పథకానికి కరదీపిక మీరే రాయండి. ఈ అభియోగం సంగతి నేను చూసుకుంటాను" అన్నారు.

"వచ్చే ఏడాది ఏ దేశమండి?"

"ఇంకా ఖరారు కాలేదు. ఏ దేశానికి టిక్కెట్లు దొరికితే ఆ దేశం."

"అభియోగం ఉండనివ్వండి" అన్నారు ప్రమీలారాణి గారు.

ఆవిడను అడవి అంచున ఉన్న ఒక స్కూలుకు బదిలీ చేశారు. అక్కడ సైన్సు టీచరు లేరట. బస్సెక్కేటప్పుడు ఊరంతా వచ్చింది. ఓబులమ్మ ఏడ్చింది, ఆ తర్వాత ఎందుకు ఏడ్చానా అని విసుక్కుంది. ప్రమీలారాణి గారు మాత్రం కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో ప్యాడ్ పెట్టుకుని అప్పుడే ఏదో ఉత్తరం మొదలుపెట్టారు.

జూన్‌లో పథకం కార్యాలయం నుంచి గుమాస్తా ఒకాయన వచ్చాడు. అప్పటికి మస్తాన్‌వలి బ్యారన్ వదిలేసి స్కూల్లోనే పాఠాలు చెప్తున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. విముక్తి ఉపసంఘం ఇంకా సమావేశం కాలేదు. గుమాస్తా తెచ్చింది ఆయన్ను వెనక్కి పిలుస్తున్న ఆర్డరు. మనిషి కనబడితే ఇవ్వాలి, కనబడకపోతే ఆచూకీ లేదని రాయించుకుని, పక్కన ఒక సాక్షి సంతకం తీసుకోవాలి.

నేను ఇంచార్జి హెడ్మాస్టరును. గుమాస్తాను పదో తరగతి గదిలోకి తీసుకెళ్ళాను. మస్తాన్‌వలి చాక్‌పీసు దులుపుకుని వచ్చి ఆ కాగితం తీసుకుని నిదానంగా చదివాడు. కొత్త పదో తరగతి పిల్లలు యాభై ముగ్గురు తలలెత్తి చూస్తున్నారు.

"దొరకలేదని రాసుకోండి" అన్నాడు.

"సాక్షి సంతకం కావాలండి" అన్నాడు గుమాస్తా.

మస్తాన్‌వలి అతని జేబులో పెన్ను తీసుకుని, చూపించిన చోట తన పేరు పూర్తిగా, పొల్లు పోకుండా రాసి సంతకం చేశాడు. గుమాస్తా ఆ సంతకం చూశాడు. ఆయన మొహం చూశాడు. బోర్డు మీద సగంలో ఆగిన లెక్క చూశాడు.

"మా పాప ఎనిమిదో తరగతండి, పక్క ఊరి బళ్ళో" అన్నాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ. "ఇక్కడ చేర్పించటానికి కాగితాలేం తేవాలి?"